పెరుగన్నం మీద భరోసా

ఖాయంగా తెలిసినవి, చెప్పుకోగా విన్నవి ముందే విడదీసి పెడతాను. అలా చేయకపోతే ఈ సంగతి మా బంధువర్గంలో ఇప్పటికే తిరుగుతున్న రూపంలోనే మిగిలిపోతుంది. ఆ రూపంలో కొందరికి పెరుగన్నం మహిమ కనిపిస్తుంది, మరికొందరికి నేను తెచ్చిన ఊదే మిషను మహిమ కనిపిస్తుంది. రెండింటికీ అంత మహిమ లేదు.

ఖాయంగా తెలిసినవి ఇవి. మద్యం రక్తంలోకి చేరేది ముఖ్యంగా చిన్నపేగు నుంచి; పొట్ట నుంచి చేరేది కొద్దిగానే. పొట్టలో అన్నం ఉంటే దాని కింది ద్వారం నెమ్మదిగా తెరుచుకుంటుంది, మద్యం కొంచెం కొంచెంగా పేగులోకి జారుతుంది, మత్తు ఆలస్యంగా, తక్కువ ఎత్తుకు లేస్తుంది. ఒకసారి రక్తంలో కలిశాక దాన్ని ఖర్చు చేసేది చాలావరకు కాలేయమే. అది తన వేగంతోనే పనిచేస్తుంది. మనం నీళ్ళు తాగామని గానీ, మజ్జిగ తాగామని గానీ, నెత్తిన చెంబుడు నీళ్ళు గుమ్మరించుకున్నామని గానీ తొందరపడదు. విజయవాడలో వైద్య విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెప్పే ఉద్యోగంలో నేను ఈ మాటలు ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ఆ ఆదివారం గురించి ఖాయంగా తెలిసినవి ఇంకో రెండు: మా చెల్లెలికి నొప్పులు మొదలైనప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, కారు తాళం ఎవరు తీసి ఎవరి చేతిలో పెట్టారో నా కళ్ళతో చూశాను.

ఇక విన్నవి. ఆ రోజు మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, ఎంత తాగాడన్నది విన్న సంగతే. తను చెప్పిన లెక్క ఒకటి, పక్కన కూర్చున్న స్నేహితుడు చెప్పిన లెక్క మరొకటి. నేను మేడ ఎక్కేసరికి సీసా ఖాళీగా ఉంది గనక దాని సాక్ష్యం ఎవరికీ అనుకూలించలేదు. వాళ్ళింటి ముద్ద ఆచారం ఎప్పుడు, ఎందుకు మొదలైందన్నదీ విన్నదే. ఆ ఆచారం సంగతి ముందు చెప్పాలి.

మా చెల్లెలిని ఇచ్చింది కంకిపాడులో, నేతపని వదిలి బట్టల వ్యాపారంలోకి వచ్చిన కుటుంబానికి. వీధి వైపు దుకాణం, వెనక ఇల్లు, మేడ మీద రేకుల షెడ్డు. ఒకప్పుడు ఆ షెడ్డులో నేసేవారట. ఇప్పుడు ఒక పాత మగ్గం చట్రం మాత్రం మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూశాక మరిది, బజారులో ఎరువుల కొట్టున్న అతని స్నేహితుడు ఆ చట్రం మీద ఒక చెక్క వేసి, దాని మీద పల్లీల పళ్ళెం, సోడాలు, సీసా పెట్టుకునేవారు. వారంలో మిగిలిన రోజుల్లో మరిది గ్లాసు ముట్టడు. ఈ మాట చెల్లెలు చెప్పింది, అత్తయ్యగారు చెప్పింది, దుకాణంలో గుమస్తా కూడా చెప్పాడు. ముగ్గురూ విడివిడిగా చెప్పారు కాబట్టి నమ్మాను.

అత్తయ్యగారు, అంటే మా చెల్లెలి అత్తగారు, ఆ తాగుడును ఆపలేదు. కానీ ఒక షరతు పెట్టింది. మేడ మెట్ల మొదట్లో పప్పన్నం కలిపిన బేసిను పట్టుకుని నిలబడేది. కందిపప్పు, వేడన్నం, చేతికి కారేంత నెయ్యి, అంచున ఆవకాయ ముక్క. పైకి వెళ్ళే ప్రతి మగవాడూ ఆవిడ చేతి ముద్దలు కడుపు నిండేదాకా తిని మరీ మెట్టెక్కాలి. ముద్ద పడ్డాకే మూత తియ్యాలనేది ఆవిడ మాట. షావుకారైనా, బ్యాంకు ఉద్యోగి అయినా, వియ్యంకుడైనా సరే, చిన్నపిల్లాడిలా నోరు తెరవాల్సిందే. మగ్గాలు ఆడే కాలంలో మగవాళ్ళు వారానికోసారి కల్లుకి వెళ్ళేవారని, ఉత్త కడుపుతో వెళ్ళినవాడు మర్నాడు పోగు అతకలేకపోవడం చూసి ఆవిడ అత్తగారు ఈ ముద్ద పెట్టడం మొదలుపెట్టిందని ఆవిడ చెప్పేది. ఇది నిజమో కాదో నాకు తెలియదు. ఆచారం మాత్రం శరీరధర్మానికి అనుకూలంగానే ఉందని మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను. పైగా నెయ్యి. కొవ్వు పొట్టను ఖాళీ కానివ్వడానికి బాగా తాత్సారం చేస్తుంది.

అయితే ఆ ఆచారానికి ఒక లొసుగుంది. అది కనిపెట్టింది ఎరువుల కొట్టు స్నేహితుడే.

"పిన్నిగారూ, నాకింకాస్త నెయ్యెయ్యండి. ఇవాళ బాగా తాగేలా ఉన్నాను" అన్నాడొకసారి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాటలో ఉన్నది వేళాకోళం ఒక్కటే కాదు. మత్తు మెల్లగా ఎక్కుతోంది గనక ఇంకొకటి పోసుకోవచ్చనే లెక్క అది. ముద్ద కాపాడినంత మేరా గ్లాసు తిరిగి లాగేసుకుంటుంది.

మా మరిది చేసిన పొరపాటు ఇంతకంటే సూక్ష్మమైనది. అది మన ప్రాంతంలో పెరిగినవాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటని ఇప్పటికీ అనుకుంటాను. మనకు తినేవన్నీ రెండు రకాలు: వేడి చేసేవి, చలవ చేసేవి. మామిడిపండు వేడి, బొప్పాయి వేడి, సబ్జా గింజలు చలవ, పెరుగు చలవ. శాస్త్రం చదివిన నేను కూడా వేసవిలో కళ్ళు మండితే మాడుకు ఆముదం రాసుకునే కుటుంబంలోనే పెరిగాను. ఆ మాటలు నా నోటి వెంట ఇప్పటికీ అప్రయత్నంగా వస్తాయి. ఈ లెక్కలో మందు వేడి. తాగినవాడికి కళ్ళు మండుతాయి, గుండెల్లో మంట, చెవులు కాలిపోతుంటాయి. అప్పుడు పెరుగన్నం తిని, నిమ్మకాయ పిండిన మజ్జిగ తాగితే మంట తగ్గుతుంది. కడుపులో మంట తగ్గడం నిజమే కావచ్చు, నేను కాదనను. కానీ మా మరిది, అతని స్నేహితుడు, నాకు తెలిసిన చాలామంది మగవాళ్ళు ఆ మంటనే కొలబద్దగా పట్టుకున్నారు. కళ్ళు చల్లబడితే రక్తంలో మందు కూడా పోయినట్టే. ముందు తిన్న అన్నం ఎంత కాపాడుతుందో, తర్వాత తిన్న అన్నమూ అంతే కాపాడుతుందని దానికి జోడింపు.

ఇది కబుర్లతో పోయే విషయమైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. మా చెల్లెలు రెండోసారి కడుపుతో ఉంది. మొదటి కాన్పు మా ఇంట్లో ఉండగా, ఆసుపత్రిలో ఆపరేషన్‌తో జరిగింది. రెండోదానికి అత్తవారింట్లో ఉంది. పాత కుట్టు ఉంది గనక నొప్పులు మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా విజయవాడ తీసుకురమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఇంట్లో కారుంది, నడిపేది మరిది ఒక్కడే. నెలలు నిండేదాకా ఆదివారాలు మానుకోరాదా అని చెల్లెలు అడిగితే అతను నవ్వుతూ భరోసా ఇచ్చాడట: అవసరం పడితే కాస్త పెరుగన్నం తింటాను, గంటలో బండెక్కుతాను అని. చెల్లెలు ఈ మాట నాకు ఫోనులో చెప్పి, నిజంగా గంటలో పోతుందా అక్కా అని అడిగింది. మా చెల్లెలి ప్రాణం, పుట్టబోయే బిడ్డ ప్రాణం ఒక పెరుగన్నం గిన్నె మీద ఆనుకుని ఉన్నాయని నాకు అప్పుడు అర్థమైంది.

పోదని చెప్పాను. నా మాట ఆమె భర్తకు చెబితే, వదినగారు పుస్తకంలో చదివారు, నేను ఒంట్లో చూస్తున్నాను అన్నాడట. ఆ జవాబు నాకు కోపం తెప్పించలేదు. ఒంట్లో చూసినదాన్ని ఒంట్లోనే పరీక్షించాలి. ఊపిరిలో మద్యం ఎంతుందో చూపే చిన్న ఊదే మిషను ఒకటి కొన్నాను.

మిషనును కూడా ఊరికే నమ్మలేదు. మద్యం కలిసిన పుక్కిలించే మందుతో నోరు కడుక్కుని వెంటనే ఊదాను. నేను పూటుగా తాగినట్టు ఎర్ర దీపం వెలిగి కీచుమంది. నోట్లో మిగిలిన తడినే అది కొలిచింది. నీళ్ళతో పుక్కిలించి, కాసేపాగి మళ్ళీ ఊదితే సున్నా. అంటే తాగిన వెంటనే ఊదితే దాని మాటకు విలువ లేదు. ఈ పరీక్ష కంకిపాడులో అత్తయ్యగారి వంటింట్లోనే చేశాను. ఆ కీచుమన్న శబ్దానికి ఆవిడ తొంగిచూసి, "మీ అక్కకి కూడా ఎక్కిందటే?" అని కోడలిని అడిగింది.

మరిది ఒప్పుకున్న మీదటే కొన్ని ఆదివారాలు అతని చేత ఊదించాను. అతనికి అదొక సరదా అయింది. స్నేహితుడు నన్ను చూడగానే, "ట్రాఫిక్ పోలీసొచ్చిందిరా" అనేవాడు. ముద్దలు తిని మేడెక్కిన రోజు అంకె నిదానంగా లేచింది, అంత పైకీ పోలేదు. ఇంకో ఆదివారం ప్రతి గ్లాసుకీ ముందు ఒక పెద్ద గ్లాసు మంచినీళ్ళు తాగమన్నాను. ఆ రోజూ అంకె తక్కువే. నీళ్ళ మహిమ అని వాళ్ళిద్దరూ సంబరపడ్డారు. నేను ఒప్పుకోలేదు. కడుపు నీళ్ళతో నిండి, మాటిమాటికీ కిందికి దిగి వెళ్ళాల్సి వచ్చి, ఆ రోజు అతను తాగిందే తక్కువ. నీళ్ళు చేసిన మేలు రక్తాన్ని కడగడం కాదు, చేతిని నెమ్మదింపజేయడం. మర్నాడు తలనొప్పి రాలేదన్నాడు. అందులో నీళ్ళకు కొంత భాగం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నీళ్ళ బదులు సోడా కలిపితే కొందరికి త్వరగా ఎక్కుతుందని చదివాను గానీ, అందరికీ అలాగే జరుగుతుందని చెప్పలేను. వీళ్ళిద్దరిలో నాకేమీ తేడా కనిపించలేదు.

పెరుగన్నం వంతు వచ్చిన రోజు మాత్రం మేడ మీద నవ్వులు కాస్త తగ్గాయి. తాగడం ముగిశాక మరిది తృప్తిగా పెరుగన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు, ముఖం కడుక్కున్నాడు. కళ్ళు చల్లబడ్డాయని, ఇక ఊదిస్తే సున్నా వస్తుందని చెప్పాడు. నోరు పుక్కిలించి, ఆగి, ఊదాడు. అంకె తగ్గకపోగా తినకముందు కంటే కొద్దిగా పెరిగింది. చివరి గ్లాసు ఇంకా పేగులోకి దిగుతూనే ఉందని వివరించాను. మిషను పాడైందని స్నేహితుడు తేల్చాడు. మరిది మిషనును అటూ ఇటూ తిప్పి చూసి, తల్లిని పిలిచి ఊదమన్నాడు. ఎంగిలి గొట్టం అని ఆవిడ చాలాసేపు మొండికేసింది. కొత్త గొట్టం పెట్టాక ఊదింది. సున్నా.

"అయితే నా ముద్ద గెలిచిందా, ఓడిందా?" అని అడిగింది ఆవిడ.

ముందు పెట్టిన ముద్ద గెలిచింది, తర్వాత పెట్టింది ఓడిందని చెప్పాను. ఆవిడ తల పంకించింది. మరిది నమ్మాడో లేదో నాకప్పుడు తెలియలేదు.

కాన్పుకి ఇంకా కొద్దివారాలు ఉన్నాయనగా వచ్చింది ఆ ఆదివారం. మరిది తెల్లవారకుండానే విజయవాడ వెళ్ళి, హోల్‌సేలు బజారులో సరుకు చూసి, ఏమీ తినకుండానే తిరిగొచ్చాడు. అత్తయ్యగారు పక్క వీధిలో ఎవరింట్లోనో నోముకి వెళ్ళింది. మెట్ల మొదట్లో బేసిను లేదు. స్నేహితుడి కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో అతను సీసా పట్టుకుని ముందే మేడ మీద కూర్చున్నాడు. నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికి వాళ్ళ కార్యక్రమం అయిపోయింది. ఇద్దరూ కిందికి దిగి, అప్పుడే వచ్చిన అత్తయ్యగారి చేత వడ్డింపించుకుని భోజనం చేశారు. మరిది రెండుసార్లు పెరుగన్నం కలుపుకున్నాడు. రెండు గ్లాసుల మజ్జిగ. నేను చూస్తున్నానని తెలిసి, "ఇవాళ ఊదించకండి వదినా, సెలవు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. స్నేహితుడు ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. మరిది ముందుగదిలో పడుకున్నాడు.

ఎండ వాలకముందే చెల్లెలు నన్ను పిలిచింది. మంచం మీంచి లేస్తుండగా ఉమ్మనీరు పోయింది. ఆ వెనకే నొప్పి.

నేను అంబులెన్సుకి ఫోను చేశాను. దగ్గరలో ఉన్న బండి వేరే రోగిని తీసుకువెళ్ళిందని, ఇంకొకటి రావడానికి సమయం పడుతుందని అవతలివాళ్ళు మర్యాదగానే చెప్పారు. అత్తయ్యగారు వీధి చివర ఆటోలు చూసి వచ్చింది, ఒక్కటీ లేదు. నాకు డ్రైవింగు రాదు. ఈలోగా మరిది లేచి, ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని, చేతిలో కారు తాళంతో గుమ్మంలోకి వచ్చాడు. నిలకడగా నడిచాడు. మాట తడబడలేదు. రెండు చేతులూ చాచి నాకు చూపించాడు, వణుకు లేదు.

"కళ్ళు చల్లగా ఉన్నాయి వదినా. భోంచేసి చాలాసేపైంది. నేను నడుపుతాను" అన్నాడు.

చెల్లెలు గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. భర్త వైపు చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పక్కా. ఈయనతో వెళ్ళనా?"

అంత తిన్నని ప్రశ్న నన్ను తరగతిలో ఎవరూ అడగలేదు. నాకున్న చదువుతో దానికి తిన్నని జవాబు లేదు. అతను తాగింది ఎంతో తెలియదు, ఎప్పుడు ముగించాడో తెలియదు, అంతసేపట్లో అతని కాలేయం ఎంత ఖర్చు చేసిందో తెలియదు. ఉత్త కడుపున తాగాడని మాత్రం తెలుసు. తెలియదు, ఊదితే కొంత తెలుస్తుంది మరిదిగారూ అన్నాను. నా సంచిలోంచి మిషను తీశాను. అది చవక మిషనని, పొరపాటు పడే అవకాశం ఉందని కూడా అప్పుడే చెప్పాను. ఆ సమయంలో ఆ మాట చెప్పడం అవసరమా అని తర్వాత మా చెల్లెలు నన్ను చాలాసార్లు ఎగతాళి చేసింది.

అతను నోరు పుక్కిలించి ఊదాడు. ఎర్ర దీపం. అంకె నేను చదవలేదు, అతనే చూశాడు. చట్టం ఒప్పుకునే హద్దు దాటితేనే ఆ దీపం వెలుగుతుంది.

"పెరుగన్నం తిన్నాడుగా" అంది అత్తయ్యగారు, ఎవరితోనూ కాకుండా, మెల్లగా.

"తిన్నానమ్మా" అన్నాడు మరిది. తర్వాత తాళం తల్లి అరచేతిలో పెట్టి, గుప్పిట మూశాడు. "ఎదురింటి టీచరుగారిని పిలు."

ఎదురింటి టీచరుగారు పదవీ విరమణ చేసిన క్రైస్తవురాలు. ఆ రోజు చర్చిలో ఆలస్యమై, అప్పుడే వచ్చి అన్నానికి కూర్చున్నట్టున్నారు. తెల్లచీర మార్చుకోలేదు, చెయ్యి కడుక్కుంటూనే పరుగున వచ్చారు. తమ పాత చిన్న కారును వారానికోసారి చర్చిదాకా నడపడం తప్ప ఆవిడకు దూరప్రయాణాల అలవాటు లేదు. చెల్లెలిని పడుకోబెట్టడానికి ఆ కారు వెనక సీటు చాలదు గనక మరిది బండే తియ్యాలి.

"మీ బండి గేర్లు నాకు కొత్త బాబూ. నవ్వకూడదు" అన్నారు.

"నవ్వనండీ" అన్నాడు మరిది.

అత్తయ్యగారు చెల్లెలి పెద్దపిల్ల దగ్గర ఉండిపోయింది. వెనక సీట్లో చెల్లెలి తల మరిది ఒళ్ళో. ముందు నేను. బందరు కాలువ పక్కన ఆ ప్రయాణం ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. గడియారం చూడకూడదని అనుకున్నాను. గడ్డి ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటి ముందుకు పోయింది. టీచరుగారు పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థన చేసుకుంటూ, రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకుని, ప్రతి మలుపులోనూ హారన్ కొడుతూ నడిపారు. పోరంకి దగ్గర బండి ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి. తన బండిని వేరొకరు తడుముకుంటూ నడపడం చూస్తూ ఊరుకోవడం మా మరిది స్వభావానికి ఎంత కష్టమో నాకు తెలుసు. అతను మాట్లాడింది ఒక్కసారే. "క్లచ్చి పూర్తిగా తొక్కండి టీచరుగారూ, తొందరేం లేదు" అన్నాడు. తొందర ఉంది. ఆ అబద్ధానికి టీచరుగారి భుజాలు కాస్త దిగాయి, బండి కదిలింది. కానూరు, పటమట, ఆసుపత్రి.

చీకటి పడకముందే ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. పాత కుట్టు పలచబడిందని, సమయానికే వచ్చారని డాక్టరుగారు చెప్పారు. సమయానికి అంటే ఇంకెంతసేపు గడువుందని అడిగాను. అలాంటివి చెప్పలేమమ్మా అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది.

వరండాలో మరిది బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. టీచరుగారు పక్కనే గోడకానుకుని కునుకు తీస్తున్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. అతనికి థాంక్స్ చెప్పబోయి, మిషను మీద నమ్మకం కుదిరినట్టుందే అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"మీరే చెప్పారుగా వదినా, అది తప్పు చెప్పొచ్చని. మిషను తప్పయితే నేను బండి నడపడం పోద్ది, అంతే. నా తప్పయితే?"

సందేహాన్ని ఏ వైపుకి వాడుకోవాలనే విషయం గురించి నేను ఇంతకంటే స్పష్టంగా ఎన్నడూ చెప్పలేకపోయాను. అప్పటినుంచి తరగతిలో ఈ మాటను, ఎవరిదో చెప్పకుండా, వాడుకుంటున్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ రోజు అతనే నడిపి ఉంటే ప్రమాదం జరిగేదని నేను అనను. క్షేమంగానే చేర్చేవాడేమో, పైగా టీచరుగారికంటే ముందుగానూ చేర్చేవాడు. జరగనిదానికి రుజువుండదు. నేను కృతజ్ఞత చెప్పుకునేది తప్పిన ప్రమాదానికి కాదు, నాకు కనిపించిన వాటికి. తన ఒళ్ళు తనకు చెబుతున్న సాక్ష్యాన్ని పక్కనబెట్టి తాళం ఇచ్చేసిన మనిషికి. ఆ తాళాన్ని పట్టుకుని, ముప్పై ఏళ్ళు నమ్మిన పెరుగన్నాన్ని గురించి ఇంకొక్క మాటైనా వాదించకుండా వీధి దాటిన తల్లికి. అన్నం ముందునుంచి లేచి వచ్చి, తెలియని బండిని భయపడుతూనే నడిపిన ఆవిడకి. నాకు కొట్టిన పిండి అనుకున్న విషయంలో "నువ్వు చెప్పక్కా" అని నా చేత "తెలియదు" అనిపించిన చెల్లెలికి కూడా.

బారసాలకి మళ్ళీ అందరం కంకిపాడులో కలిశాం. తంతు అయ్యాక ఎరువుల కొట్టు స్నేహితుడు మేడ వైపు చూశాడు. మెట్ల మొదట్లో అత్తయ్యగారు ఎప్పటిలాగే బేసినుతో నిలబడి ఉంది గానీ, ఈసారి ఆవిడ నడుముకి ఒక గుడ్డసంచి వేలాడుతోంది. ముద్ద పెట్టే ముందు ఎడమచెయ్యి చాచింది.

"బండి మీదొచ్చావా, నడిచొచ్చావా?" అని అడిగింది.

బండి మీదొచ్చానని అతను ఒప్పుకున్నాడు. తాళం సంచిలో పడ్డాక కానీ ముద్ద నోటికి అందలేదు. "పిన్నిగారూ, పోలీసుద్యోగం మీ వియ్యాలవారినుంచి మీకొచ్చిందా?" అని అతను నిండు నోటితో అన్నాడు. సాయంత్రం అతన్ని గుమస్తా దింపివచ్చాడు. మరిది ఆ రోజు మేడ ఎక్కలేదు. బాలింత ఇంట్లో ఉన్నంతకాలం ఎక్కనని చెప్పాడట; తర్వాత కూడా, తాళం తన దగ్గరుండే రోజుల్లో ఎక్కడం లేదని చెల్లెలు చెబుతోంది. ఇది విన్నది మాత్రమే. అయినా ఆదివారాలు చెప్పకుండా వెళ్ళి చూసే అలవాటు నాకుంది గనక, విన్నదానికి కొంచెం ఎక్కువ.

మిగిలిపోయిన ప్రశ్న ఒకటుంది. అంకె హద్దు దాటి ఉన్నా అతని నడక, మాట, చేతులు అంత నిలకడగా ఎందుకున్నాయి? మూడు జవాబులు సాధ్యం. ఏళ్ళ అలవాటు వల్ల ఒళ్ళు మత్తును పైకి కనపడనివ్వకపోవచ్చు. అప్పుడు లోపల చూపు, నిర్ణయం మందగించినా బయటికి తెలియదు, అది మరీ ప్రమాదం. లేదా తర్వాత తిన్న ఆ భోజనం, పొట్టలో అప్పటికింకా మిగిలి ఉన్న మందును కొంత నిలవరించి, నేను ఒప్పుకున్నదానికంటే కాస్త ఎక్కువ మేలే చేసి ఉండవచ్చు. లేదా మిషనే ఎక్కువ చూపించి ఉండవచ్చు. తేల్చాలంటే అదే మనిషి, అంతే మందు, ఉత్త కడుపుతో ఒకసారి, తర్వాత పెరుగన్నంతో ఇంకొకసారి తాగి, రెండుసార్లూ రక్తం ఇవ్వాలి. మరిదిని అడిగాను కూడా. అతను నవ్వి, వంటింటి వైపు చూపించాడు. లోపల్నుంచి అత్తయ్యగారు, ఉత్త కడుపుతో తాగడానికి తన ఇంట్లో ఎవరికీ వీల్లేదని, శాస్త్రానికైనా సరే వీల్లేదని చెప్పింది. పసిపిల్లను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తున్న చెల్లెలు, మా ఆయన మీద ప్రయోగాలు చాలక్కా అంది. అందుకని ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.